జట్టు గోలీలు

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొగిలి కాళ్ళ మీద గాలి కూడా వాలడానికి వీల్లేదు. మొగిలి అంటే మా ఆయనే. మొగుణ్ణి పేరు పెట్టి అంటోందేమిటని ముక్కున వేలేసుకోకండి. ఎదురుగా ఎన్నడూ అనలేదు. ఇప్పుడు చెప్పేటప్పుడు పేరు లేకుండా నడవదు కాబట్టి అంటున్నాను. ధోవతి అంచు పాదాలకు తగిలినా ఉలిక్కిపడేవాడు. బకెట్లో నీళ్ళు పోసి కాళ్ళు పెట్టుకునేవాడు, అంతలోనే తీసేసేవాడు. గోనెసంచి తడిపి దాని మీద నిలబడేవాడు. అదీ కుదరక వాకిట్లో అటూ ఇటూ తిరిగేవాడు. చూసి చూసి నాకూ కూర్చోబుద్ధి కాక, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడు అది. గోదావరిఖనిలో మాది రేకుల క్వార్టరు. మొగిలికి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయినా, ఈ కాళ్ళ మంట మాత్రం అంతకుముందు చలికాలంలోనే మొదలైంది. రాత్రి ఎలాగూ నిద్ర లేదు, బాయిలోకన్నా పోతానని నైట్ షిఫ్టు అడిగి వేయించుకున్నాడు. బొగ్గు గనిని మేం బాయి అనే అంటాం. తెల్లవారి సైరన్ మోగాక ఇంటికొచ్చి, ఒంటి మీది నలుపు కడుక్కుని, నాలుగు ముద్దలు తిని, మంచం మీద నడుం వాల్చేవాడు. పైన రేకులు కాలుతుంటే, కింద పాదాలు మిరపకారం రాసినట్టు మండుతుంటే ఇక నిద్రెక్కడిది?

ఒకరోజు నల్లా దగ్గర సదయ్య కాక నన్ను పక్కకు పిలిచాడు. మొగిలి వాళ్ళ జట్టుకు ఆయనే పెద్ద.

"ఐలవ్వా, నిన్న మనోడు తట్ట నెత్తిన పెట్టుకొని నిలవడ్డకాడనే కన్ను మూసిండు బిడ్డా. పట్టాల మీద బొగ్గు టబ్బు ఉరికొస్తాంది. ఇస్హాక్ రెక్క పట్టి గుంజకపోతే..."

అరచేయి బోర్లా తిప్పి చూపించాడు.

"ఓవర్‌మన్ చూసిండా?" అన్నాను. బాయిలో జట్ల మీద పెత్తనం ఆయనదే.

"చూసిండు. ఇంకోపారి గిట్లయితే మెడికల్ బోర్డుకు రాస్త అన్నడు."

బోర్డు అన్‌ఫిట్ అని రాస్తే పని పోతుంది, పనితోపాటు ఈ రేకుల క్వార్టరూ పోతుంది. ఊళ్ళో ఉన్న కాస్త చెలక బావలు దున్నుకుంటున్నారు, అక్కడ మమ్మల్ని రమ్మనేవాళ్ళు లేరు. ఆ వేసవిలో నాకు చీర వద్దు, సారె వద్దు, మొగిలికి ఒక్క పూట నిద్ర పడితే చాలనిపించింది. దాని కోసం ఎవరి కాళ్ళయినా పట్టుకునేదాన్ని, ఎవరితోనైనా కొట్లాడేదాన్ని.

మొగిలిని గుంజిన ఆ ఇస్హాక్‌ది మా వెనక లైనులోనే ఇల్లు. వాళ్ళిద్దరిదీ ఒకే జట్టు, ఒకే షిఫ్టు, చివరికి జబ్బు కూడా ఒకటే. అతనికీ షుగర్, అతనికీ కాళ్ళ మంట. అతని భార్య జహీరా నల్లా దగ్గర కనిపిస్తే ఇద్దరం ఒకరి కళ్ళ కింద నలుపు ఒకరం చూసుకునేవాళ్ళం.

జట్టు సంగతి కాస్త చెప్పాలి. బొగ్గు టబ్బుల్లోకి నింపేవాళ్ళు జట్టుగా నింపుతారు. ఎవరు ఎక్కువ ఎత్తారు, ఎవరు తక్కువ ఎత్తారన్న మాటే రాదు. జ్వరమొచ్చినవాడు ఒక మూల కూర్చున్నా, మిగతావాళ్ళు వాడి వంతు నింపి సమానంగా పంచుతారు. టబ్బులే కాదు, సద్దిలో పచ్చిపులుసు తెచ్చినా, ఎవరైనా బీడీల కట్ట కొన్నా సదయ్య కాక చేతికి పోవాల్సిందే, ఆయన పంచాల్సిందే. బాయిలో చావు అందరికీ ఒకే దూరంలో ఉంటుంది కదా, అందుకే కాబోలు అలా అలవాటు పడ్డారు.

మురహరి డాక్టరు వరంగల్ నుంచి వచ్చింది అప్పుడే. ప్రతి బుధవారం కంపెనీ దవాఖాన వరండాలో బల్ల వేయించుకుని కూర్చునేవాడు. షుగర్ ఉండి కాళ్ళు మండేవాళ్ళను రమ్మన్నారు. మొగిలి రానన్నాడు. పేరు రాయించుకుంటే అన్‌ఫిట్ చేస్తారేమోనని భయం. జబ్బ పట్టుకుని లాక్కుపోయాను.

"మీ పేర్లు బోర్డుకు పోవు, భయపడకుండ్రి," అన్నాడు డాక్టరు ముందుగానే. "ఈ మంటకు ఒక మందు పనిచేస్తదా లేదా అని చూస్తున్న. నాకాడ రెండు రకాల గోలీలున్నయి. ఒకటి అసలు మందు, ఇంకోటి ఉత్త పిండి. చూసేటందుకు రెండూ ఒక్కతీరే ఉంటయి. ఎవరికి ఏది వస్తదో మీకు తెల్వది, నాకూ తెల్వది. వరంగల్‌ల డబ్బాలు నింపినాయనకే ఎరుక. కొన్ని వారాలైనంక మార్చి ఇస్త."

నాకు ఒళ్ళు మండింది. "కాళ్ళు కాలి మేమొస్తే పిండి పెడ్తరా సార్? అందరికి మందే ఇస్తె ఏం పోయింది?"

"మందు తిన్నననే ధైర్యానికే కొందరికి నొప్పి తగ్గుతదమ్మా. తగ్గింది మందుకా, ధైర్యానికా అన్నది తేలాలె గద."

"పిండికే తగ్గేటట్టయితే మేం రోజు తినే జొన్నరొట్టె ఏం పాపం జేసింది సార్?"

వరండా అంతా గొల్లుమంది. డాక్టరు కూడా నవ్వాడు కానీ మాట మార్చుకోలేదు. ఆ మందు పనిచేస్తుందని తేలితే కంపెనీ దవాఖానలో అందరికీ పెట్టమని తానే రాస్తానన్నాడు. పనికిరాదని తేలితే ఇక్కడితో ఆఖరన్నాడు.

తర్వాత పరీక్షలు. ఇనుప చువ్వ లాంటిది ఒకటి బల్లకు కొట్టి, గుయ్యిమంటుంటే మొగిలి బొటనవేలి మీద ఆనించాడు. "తెలుస్తాందా?" అంటే మొగిలి "తెలుస్తాంది సార్" అన్నాడు. దూది తగిలించినా తెలుస్తోందన్నాడు, సూది గుచ్చినా తెలుస్తోందన్నాడు. పెద్దమనిషి అంత దూరం నుంచి వచ్చి అడుగుతుంటే లేదనడం మర్యాద కాదని మొగిలి లెక్క. డాక్టరు తువ్వాల తీసి మొగిలి కళ్ళకు కట్టాడు. కట్టి, ఏమీ తగిలించకుండానే "ఇప్పుడు?" అన్నాడు. "తెలుస్తాంది సార్!" అన్నాడు మొగిలి. నేను తల పట్టుకున్నాను.

"సరె, నొప్పి ఎంతున్నదో చెప్పు. రూపాయిల ఎన్ని అణాలు?"

అణాలు పోయి ఎన్నేళ్ళయినా మాకు లెక్క అందులోనే నోరు తిరుగుతుంది. "పదహారణాలు సార్," అన్నాడు మొగిలి. ఈసారి మర్యాదకు అన్నది కాదు. ఇస్హాక్ కూడా పదహారే చెప్పాడు.

చెరొక గోలీల డబ్బా ఇచ్చి, "ఎవరి డబ్బా వాళ్ళదే," అని రెండుసార్లు చెప్పాడు డాక్టరు. ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర నుంచి లోపలికి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల గురక వినిపిస్తోంది. మొగిలి వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు, నోరు తెరిచి, కాళ్ళు బారజాపి. విసనకర్ర తీసుకుని పక్కన కూర్చున్నాను. ఎంతసేపు విసిరానో తెలియదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి కూడా చేయి ఆపలేదు, విసరడం ఆగితే లేస్తాడేమోనని. అంతలో వీధి చివర పుల్ల ఐసు బండి గంట మోగింది. చెప్పుల్లేకుండా ఉరికాను. నేల నిప్పులా ఉంది. "నీకు దండం పెడ్త, గీ లైన్ల గంట కొట్టకురా అయ్యా," అన్నాను వాడితో. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి బండి తిప్పుకుని పోయాడు.

ఆ బుధవారం మొగిలి నాలుగణాలు అన్నాడు. ఇస్హాక్ మాత్రం పదహారులోనే ఉన్నాడు. మనకు మందు తగిలింది, వాళ్ళకు పిండి తగిలింది అని మనసులో లెక్క వేసుకున్నాను. జహీరాను చూస్తే అయ్యో అనిపించింది. అదృష్టం మా వైపు ఉన్నందుకు లోలోపల సంతోషం కూడా వేసింది, అబద్ధమెందుకు.

ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. మొగిలి మళ్ళీ నిద్రలో కదలడం మొదలుపెట్టాడు. కాసేపు కన్నంటుకోవడం, లేచి కూర్చోవడం. గోలీలు సరిగ్గా వేసుకుంటున్నాడా అని గూట్లో వెతికితే డబ్బా లేదు.

"ఏందయ్యా, నీ గోలీల డబ్బా ఏది?"

"సదయ్య కాక కాడ."

"కాక కాడెందుకు?"

మొగిలి గోడ వైపు చూస్తూ చెప్పాడు. "నాయి, ఇస్హాక్‌యి కలిపినం. బాయి దిగేముందు కాక ఇద్దరికి సమానం పంచుతాండు."

అప్పుడు నా నోట వచ్చిన మాటలన్నీ ఇక్కడ చెప్పలేను.

"టబ్బులు పంచుకుంటరు, బీడీలు పంచుకుంటరు, సరె. నిద్ర గూడ పంచుకుంటరా? బోర్డుకు పోతె వానికి పోతదా నౌకరి, నీకు పోతదా?"

"వాడు గుంజకుంటె నేను టబ్బు కింద ఉందునే. నేను గురక పెట్టుకుంట పండి, వాడు జాగారం జేస్తాంటే నోట్లె ముద్ద దిగుతలేదు. జట్టుల ఒగనికి నిండు, ఒగనికి సున్న ఎట్లుంటది?"

"డాక్టరు ఏం చెప్పిండు? ఎవరి డబ్బా వాళ్ళదే అనలే?"

"డాక్టరు బాయి దిగిండా ఎన్నడన్న?"

చేతిలో గరిటె ఉంటే విసిరికొట్టాను. అది పోయి నీళ్ళ బిందెకు తగిలి సొట్ట పడింది. అంతటితో చల్లారలేదు. చీర కొంగు నడుముకు దోపి వెనక లైనుకు పోయాను.

జహీరా తలుపు తీస్తూనే నోటి మీద వేలు పెట్టుకుంది. ఆమె భుజం మీదుగా చూశాను. ఇస్హాక్ చాప మీద ఒత్తిగిలి నిద్రపోతున్నాడు. గట్టిగా అరుద్దామని వచ్చిన నేను గుసగుసగా కొట్లాడాల్సి వచ్చింది.

"మా ఆయన మందు తిని మీ ఆయన పండిండు జహీరా. నాకు తెల్వదనుకుంటివా?"

ఆమె ముఖం పాలిపోయింది. ఆమెకూ తెలియదని అప్పుడే అర్థమైంది. మొగుడి వైపు తిరిగి చూసింది.

"ఖుదా కసం అక్కా, ఎరుకలేదు. పొద్దుగాల్నుంచి నిద్ర పోతాండని చూసుకుంట కూసున్న. లేచినంక చెప్త. మీయి మీకు తెచ్చిస్తడు." చేయి పట్టుకుంది. "ఇప్పుడైతే లేపకు అక్కా. ఇగో, నీ కాళ్ళు మొక్కుత."

చేయి విడిపించుకుని వచ్చేశాను. కోపం మాత్రం నాతోనే వచ్చింది.

బుధవారం దవాఖానలో మొగిలి ఎనిమిదణాలు అన్నాడు. ఇస్హాక్ కూడా ఎనిమిదణాలే అన్నాడు. డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నాలుగున్నోడు ఎనిమిదికి పెరిగిండు, పదహారున్నోడు ఎనిమిదికి దిగిండు. ఎవరిది ఏదో తెల్వకున్నా, మీ ఇద్దర్ని జోడి కట్టి ఒకరికి మందు, ఒకరికి పిండి పెట్టిండ్రు, అది మాత్రం నాకు తెలుసు. ఇట్ల రెండూ ఒక్కటే అన్నట్టు లెక్కలొస్తే ఈ మందు దండుగ అని రాయాల్సొస్తది."

మొగిలి నేల చూస్తున్నాడు, వాళ్ళతో వచ్చిన సదయ్య కాక రేకుల కప్పు చూస్తున్నాడు. నా వల్ల కాలేదు.

"ఇద్దరియి ఒక్కకాడ కలుపుకొని తింటాండ్రు సార్," అన్నాను.

డాక్టరు తిడతాడనుకున్నాను. ఆయన గ్లాసెడు నీళ్ళు తాగాడు.

"తప్పేంది సార్," అన్నాడు సదయ్య కాక నెమ్మదిగా. "ఒక్క జట్టాయె."

"తప్పని అంటలేను తాతా. నా పరీక్షల మీ ఇద్దరోళ్ళ లెక్క ఇగ చెల్లది, అంతే. ఇద్దర్ని తీసేస్తున్న. ఎవరిది మందో, ఎవరిది పిండో వరంగల్‌ల అడిగొస్త. ఇగ దాపరికమెందుకు? మిగిలిన గోలీలు ముట్టకుండ్రి. అట్లనే తీస్కరాండ్రి, వచ్చే బుధవారం అసలు మందు ఎవరిదో వాళ్ళకే అప్పజెప్త. కొత్తయి వానలు పడ్డంకగని రావు."

ఆ వారం రోజులు మొగిలి నాతో మాట్లాడలేదు. కాళ్ళ మంట మళ్ళీ పదహారణాలకు ఎక్కింది. బకెట్టు, గోనెసంచి, వాకిట్లో తిరుగుడు, మళ్ళీ అన్నీ మొదలయ్యాయి. బాయిలో మొగిలీ, ఇస్హాకూ తట్ట ఎత్తలేక కూలబడుతుంటే మిగతావాళ్ళు ఓవర్‌మన్ కంట పడకుండా వాళ్ళ వంతు కూడా నింపారు. నేను మాత్రం బుధవారం కోసం చూస్తున్నాను. ఒక్కసారి డాక్టరు నోటితో చెబితే చాలు, మిగిలిన మందు మా ఇంటికి వస్తుంది, వానలు పడేదాకా మొగిలి నిద్రపోతాడు. ఇంట్లో మాట లేకపోయినా సర్దుకుంటాను.

బుధవారం డాక్టరు బల్ల ముందు కూర్చోగానే చెప్పేశాడు.

"మొగిలీ, నీది పిండి. ఇస్హాక్‌ది మందు."

"ఉల్టా చెప్పిండ్రు సార్," అన్నాను. "మళ్ళోపారి చూడుండ్రి."

"లేదమ్మా. రెండుసార్లు అడిగిన."

"మా ఆయన పండిండు సార్! గురక పెట్టి పండిండు! నా చేతుల్తోని విసిరిన!"

"పండిండు. నిజంగనే పండిండు. మందు తింటున్న అన్న ధైర్యానికి పండిండు. మొదటి రోజే చెప్పిన కదమ్మా, నువ్వు జొన్నరొట్టె అన్నవు." ఆయన గొంతులో వెటకారం లేదు. "ఇస్హాక్‌కు మందు పట్టుకోవటానికి కొన్ని వారాలు పడ్తది. అప్పుడప్పుడే పట్టుకుంటాంది. అప్పుడే మీరు కలుపుకున్నరు."

మొగిలి ఇస్హాక్ వైపు తిరిగాడు. వారంలో నేను విన్న మొదటి మాట అదే, అదీ నాతో అన్నది కాదు.

"తమ్మీ, గిన్నొద్దులు నీది నేను తిన్ననా?"

ఇస్హాక్ పకపకా నవ్వాడు. "ఛోడో అన్నా. నేను గూడ నీ పిండి తిన్న గద."

సదయ్య కాక సంచిలోంచి గోలీల డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. డాక్టరు మూత తీసి, కొన్ని అరచేతిలో పోసుకుని, వేలితో అటూ ఇటూ కదిపి చూశాడు. అన్నీ తెల్లగా, గుండ్రంగా, ఒక్కలాగే ఉన్నాయి.

"ఇస్హాక్, న్యాయానికి మందు నీదే," అన్నాడు చివరికి. "ఈ డబ్బాల ఏది మందో, ఏది పిండో మాత్రం నేను గూడ చెప్పలేను. తింటే నష్టం లేదు. మీ ఇష్టం."

కొత్త మందు చెప్పినట్టే వానలు పడ్డాక వచ్చింది. మిగతావాళ్ళ లెక్కలు బాగా వచ్చాయట, దసరా తర్వాత దవాఖానలో అందరికీ పెట్టారు. అప్పటిదాకా జట్టు మమ్మల్ని మోసింది, బోర్డు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇదంతా తర్వాతి సంగతి. ఆ బుధవారం ఇంటికి వచ్చేసరికి మాత్రం నాకు జహీరా ముఖం ఎలా చూడాలో తెలియలేదు.

నేను పోలేదు. ఆమే వచ్చింది. డబ్బా కొంగులో పెట్టుకుని తిన్నగా మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

"కాక నేను పంచ అన్నడక్కా. ఆడోళ్ళు తేల్చుకోండ్రి అన్నడు."

"తేల్చేదేమున్నది? అన్ని నీయే. తీస్కపో." నా గొంతు నాకే మొరటుగా వినిపించింది. "ఆనాడు నోటికొచ్చినట్టు అన్న. సిగ్గయితాంది జహీరా."

"ఏది నాదో ఎట్ల ఎరుకైతది? సగమన్న పిండేనాయె." చాట అందుకుని డబ్బా అందులో బోర్లించింది. "పంచు అక్కా. జల్ది, డ్యూటీ నుంచి వచ్చి ఇద్దరు మేల్కొనే ఉన్నరు."

చాటకు రెండు వైపులా కూర్చున్నాం. నీకొకటి, నాకొకటి అనుకుంటూ జరుపుకున్నాం. ఆఖరున ఒక్క గోలీ మిగిలింది. ఆమె నా వైపు తోసింది, నేను ఆమె వైపు తోశాను. మళ్ళీ తోసింది. చివరికి గూట్లోంచి అడకత్తెర తీసి దాన్ని సగానికి కత్తిరించాను. కాస్త పొడి రాలితే జహీరా వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది.

"చేదున్నది," అంది కళ్ళు పెద్దవి చేసి. నేనూ అద్ది చూశాను. నాకు ఏ రుచీ తెలియలేదు. ఇద్దరం నవ్వుకున్నాం, నవ్వుతూనే ఏడ్చాం.

ఆమె పోయాక ఒక గోలీ, చెంబెడు నీళ్ళు తీసుకుని మొగిలి దగ్గరికి పోయాను. ఆయన మంచం మీద కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు. గోలీ తీసుకుని వెంటనే వేసుకోలేదు. వేళ్ళ మధ్య తిప్పుతూ చూశాడు. తర్వాత తల ఎత్తి నన్ను చూశాడు. పెళ్ళినాటి నుంచి ఆ మనిషి నన్ను దేన్నీ అలా అడగలేదు.

"ఏమే, గిది మందే గద?"

"మందే," అన్నాను. "చేదు చూసి ఏరిన. పిండియన్ని తీసి అవతల పారేసిన."

"మరి ఇస్హాక్‌కు?"

"వానికి గూడ ఏరే ఇచ్చిన."

గోలీ నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. మెల్లగా కాళ్ళు మంచం మీదికి ఎత్తుకుని పడుకున్నాడు. వెనక లైనులో జహీరా కూడా మొగుడితో అదే మాట చెప్పిందని తర్వాత తెలిసింది, మేమిద్దరం అనుకుని చేసింది కాదు. విసనకర్ర తీసుకుని పక్కన కూర్చున్నాను. రేకులు చిటపటమంటున్నాయి. పాదాలు ఒకసారి వణికాయి, మరోసారి వణికాయి, తర్వాత కదల్లేదు. అంతలో వీధి చివర పుల్ల ఐసు బండి గంట మోగింది. విసనకర్ర అక్కడే పడేసి, చెప్పుల్లేకుండా ఉరికాను.